మూడు మామిడి సీజన్ల తరువాత ప్లేరైట్: ఒకే వర్క్‌స్పేస్‌లో నాలుగు అప్లికేషన్ల పరీక్షలు

తిరుపతి రేణిగుంట రోడ్డులోని మా చిన్న కార్యాలయంలో ఆరుగురం కలిసి నాలుగు వెబ్ అప్లికేషన్లను చూసుకుంటున్నాము. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు తోలే రైతులు టోకెన్ తీసుకునేది మొదటిది. గేటు దగ్గర తూకం చీటీ నమోదు చేసేది రెండవది, చెల్లింపుల లెక్కలది మూడవది, ధరలనూ వాడుకరుల అనుమతులనూ నిర్ణయించే నిర్వాహకులది నాలుగవది. నాలుగింటి కోడూ ఒకే రిపాజిటరీలో (కోడ్ నిల్వలో), అనేక ప్రాజెక్టులను కలిపి నడిపే ఎన్‌ఎక్స్ అనే సాధనపు వర్క్‌స్పేస్‌గా ఉంటుంది. లాగిన్ పేజీ, తేదీల లెక్కలు, పట్టికల వంటివి అందరికీ ఉమ్మడి లైబ్రరీలు. అందువల్ల ఒకరు సరిచేసిన చిన్న కోడ్ వరుస మరొకరి అప్లికేషన్‌ను పాడుచేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. జూన్, జూలై నెలల్లో ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరి ఉన్నప్పుడు అలాంటి పొరపాటు బయటపడితే నష్టపోయేది ఎండలో కాయలతో నిలబడిన రైతు. పరీక్షల విషయంలో మా పట్టుదలకు కారణం అదే. మనిషి వాడినట్లే బ్రౌజర్‌ను తెరిచి, బటన్లు నొక్కి అప్లికేషన్‌ను తనిఖీ చేసే ప్లేరైట్ అనే సాధనంతో మా అనుభవం ఇది.

మా అప్లికేషన్లు యాంగ్యులర్ అనే వెబ్ చట్రంలో కట్టినవి, మా పాత పరీక్షలు ఆ బృందమే చేసిన ప్రొట్రాక్టర్ అనే సాధనంలో ఉండేవి. దాని అభివృద్ధిని ముగించనున్నట్లు యాంగ్యులర్ బృందం 2021లోనే ప్రకటించింది, 2023 ఆగస్టుతో మద్దతు ముగిసింది. దాని స్థానంలో మేము ఎంచుకున్నది మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన ప్లేరైట్. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం, ఫైర్‌ఫాక్స్, సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్ మూడింటిలోనూ ఒకే పరీక్షను నడపగలగడం ఒక కారణమైతే, ఒకే పరీక్షలో ఇద్దరు మనుషులను చూపగలగడం అంతకంటె ముఖ్యమైన కారణం. రైతు ఒక బ్రౌజర్ కాంటెక్స్ట్‌లో (విడి బ్రౌజర్‌లా పనిచేసే భాగంలో) టోకెన్ తీసుకుంటాడు, గేటు ఉద్యోగి మరో కాంటెక్స్ట్‌లో అదే టోకెన్‌ను తెరుస్తాడు. ఇద్దరి కుకీలూ (లాగిన్ వంటి గుర్తులను బ్రౌజర్ దాచుకునే చిన్న ఫైళ్లూ) ఒకదానితో ఒకటి కలవవు. మా పని స్వభావమే రెండు అప్లికేషన్ల మధ్య నడిచేది కాబట్టి, ఈ ఒక్క సౌకర్యం కోసమైనా దీన్ని ఎంచుకునేవాళ్లము.

పరీక్షలు రాయడం కష్టం కాలేదు. బటన్ కనిపించి, కదలకుండా నిలిచి, నొక్కడానికి వీలయ్యే వరకు ప్లేరైట్ తానే వేచి చూస్తుంది. పాత పరీక్షల్లో ఎక్కడికక్కడ పెట్టిన మూడు సెకన్ల, ఐదు సెకన్ల విరామాలన్నీ తీసేశాము. మా కాలమంతా తిన్నది రాయడం కాదు, నాలుగు అప్లికేషన్లు ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా చూసుకోవడం.

మొదటి దెబ్బ పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో సర్వర్‌కు ఉండే సంఖ్య) దగ్గర తగిలింది. యాంగ్యులర్ డెవలప్‌మెంట్ సర్వర్ మామూలుగా 4200 పోర్టులో లేస్తుంది. ఆ చిరునామాలో అప్పటికే ఏదైనా సర్వర్ నడుస్తూ ఉంటే దానినే వాడుకోమని ప్లేరైట్ ఆకృతీకరణ ఫైలులో మేమే రాసుకున్నాము. ఒకరోజు నా సహోద్యోగి నిర్వాహకుల అప్లికేషన్‌ను తెరిచి ఉంచి, టోకెన్ అప్లికేషన్ పరీక్షలను నడిపాడు. టోకెన్ బటన్ కనబడడం లేదంటూ పరీక్షలు వరుసగా విఫలమయ్యాయి. దానికంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. లాగిన్‌ను మాత్రమే చూసే మూడు పరీక్షలు నెగ్గాయి, ఎందుకంటే లాగిన్ పేజీ ఉమ్మడిది. వేరే అప్లికేషన్ మీద నడిచి నెగ్గిన పరీక్షను నమ్మి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు. ఇప్పుడు ఒక్కొక్క అప్లికేషన్‌కు 4201 నుంచి 4204 వరకు స్థిరమైన పోర్టు ఉంది. పరీక్షలన్నింటికంటె ముందు నడిచే చిన్న తనిఖీ, తెరుచుకున్న పేజీ ఏ అప్లికేషన్‌దో చూసి, తప్పయితే అక్కడికక్కడే ఆపేస్తుంది. బిల్డు సర్వర్‌లోనైతే (కోడ్ మారినప్పుడు పరీక్షలను తానే నడిపే యంత్రంలో) పాత సర్వర్‌ను వాడుకునే అవకాశాన్నే మూసివేశాము.

రెండవది డేటాబేస్. పరీక్షలు ఏకకాలంలో నడిచినప్పుడు ఒకటి తీసుకున్న టోకెన్ వల్ల మరొక పరీక్ష ఆశించిన వరుస సంఖ్య మారిపోయేది. ప్లేరైట్ తన వర్కర్లకు (పరీక్షలను పక్కపక్కన నడిపే ప్రక్రియలకు) సంఖ్యలు ఇస్తుంది కాబట్టి, ఒక్కో వర్కర్‌కు ఒక్కో కల్పిత ఫ్యాక్టరీని కేటాయించాము. ఇక్కడ రెండు సంఖ్యలున్నాయని తెలియక మొదట తికమకపడ్డాము. వర్కర్ ఇండెక్స్ అనేది, పరీక్ష విఫలమై వర్కర్ మళ్లీ మొదలైన ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. ప్యారలల్ ఇండెక్స్ మాత్రం వర్కర్ల సంఖ్యను దాటదు. మాకు కావలసింది రెండవది. లాగిన్ స్థితిని ఒకసారి భద్రపరచి అన్ని పరీక్షలకూ వాడే పద్ధతి సమయాన్ని బాగా ఆదా చేసింది, అయితే అది కుకీలనూ లోకల్ స్టోరేజీనీ (బ్రౌజర్‌లో నిలిచి ఉండే నిల్వనూ) దాచుతుంది గానీ సెషన్ స్టోరేజీని (ట్యాబ్ మూస్తే పోయే నిల్వను) దాచదు. మా చెల్లింపుల అప్లికేషన్ సెషన్ స్టోరేజీ మీద ఆధారపడినందువల్ల దానికి ప్రత్యేకంగా కొన్ని వరుసలు రాయవలసి వచ్చింది.

ఎన్‌ఎక్స్ గురించి కూడా చెప్పాలి. కమిట్ (భద్రపరచిన కోడ్ మార్పు) తాకిన కోడ్‌ను బట్టి ఏయే అప్లికేషన్లు ప్రభావితమయ్యాయో లెక్కగట్టి, వాటి పరీక్షలను మాత్రమే నడిపించడం దాని గొప్పతనం. కానీ ఆ లెక్క ప్రధానంగా ఇంపోర్టులను (ఒక కోడ్ ఫైలు మరొకదాన్ని పేరుతో తెచ్చుకునే వరుసలను) బట్టి కట్టేది. మా టోకెన్ అప్లికేషన్, తూకం అప్లికేషన్ సర్వర్‌ను నెట్‌వర్క్ ద్వారా పిలుస్తుంది; కోడ్‌లో ఇంపోర్టు లేదు. అందువల్ల తూకం వైపు ఒక ఫీల్డు పేరు మారినప్పుడు టోకెన్ పరీక్షలు నడవనే లేదు, పొరపాటు మాకు వాడుకలోనే తెలిసింది. అటువంటి సంబంధాలను ప్రాజెక్టు ఫైలులో చేత్తో రాసిపెట్టాలి. ఈ పరీక్షల ఫలితాలను క్యాష్ (గతంలో దాచిన ఫలితాల నిల్వ) నుంచి తీసుకోవడాన్ని కూడా ఆపేశాము, ఎందుకంటే కోడ్ మారకపోయినా డేటాబేస్ మారి ఉండవచ్చు.

తెలుగు వాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయాలు రెండున్నాయి. 'ఆన్‌లైన్' వంటి మాటల్లో న-పొల్లు తరువాత, తరువాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. పేజీలో అది ఉండి పరీక్షలో లేకపోతే, కంటికి రెండు మాటలూ ఒక్కలాగే కనబడినా పోలిక కుదరదు. ఖాళీల తేడాలను ప్లేరైట్ సర్దుకుంటుంది గానీ దీన్ని సర్దుకోలేదు. అప్పటి నుంచి తెలుగు మాటలను పరీక్షలోకి చేత్తో టైపు చేయడం మానేసి, అప్లికేషన్ వాడే అనువాద ఫైలు నుంచే తీసుకుంటున్నాము. ఇక స్క్రీన్‌షాట్ల పోలికకు వస్తే, బిల్డు సర్వర్ లినక్స్‌లో తెలుగు ఫాంటు లేక అక్షరాల స్థానంలో డబ్బాలు వచ్చాయి. నోటో ఫాంట్లు పెట్టిన తరువాతే అది సరైంది. కాలమానం కూడా ఇటువంటిదే: బ్రౌజర్‌కు ఆసియా కోల్‌కతా అని చెప్పినంత మాత్రాన సర్వర్‌కు ఆ సంగతి తెలియదు. సర్వర్ యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనుక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే తెల్లవారుజామున ఐదున్నర లోపు తీసుకున్న టోకెన్ మీద నిన్నటి తేదీ పడుతుంది. మామిడి రైతు బయలుదేరేదేమో సరిగ్గా ఆ వేళకే.

ఈ సాధనంలో నాకు అన్నింటికంటె విలువైనదిగా తోచింది ట్రేస్ వ్యూయర్. విఫలమైన పరీక్షలో ప్రతి చర్యకు ముందూ తరువాతా పేజీ ఎలా ఉందో, ఏ నెట్‌వర్క్ పిలుపుకు ఏ జవాబు వచ్చిందో అందులో ఒక్కొక్కటిగా చూడవచ్చు. పుత్తూరులో ఇంటి నుంచి పనిచేసే సహోద్యోగికి ఆ ఫైలు పంపితే చాలు, 'నా దగ్గర బాగానే నడుస్తోంది కదా' అనే వాదన రాదు. మొదటి పునఃప్రయత్నంలోనే ట్రేస్ (ఆ రికార్డు ఫైలు) తీయమని పెట్టుకుంటే, పునఃప్రయత్నాల సంఖ్య సున్నాగా ఉన్నంత కాలం ట్రేస్ అసలు రాదని గుర్తుంచుకోవాలి. రెండోసారి నెగ్గిన పరీక్షలను నివేదిక వేరుగా చూపుతుంది. వాటిని ప్రతి సోమవారం నేను కూర్చుని చదువుతాను.

లోపాలూ లేకపోలేదు. కొత్త విడుదలకు మారినప్పుడల్లా దానికి సరిపడే బ్రౌజర్లను మళ్లీ దించుకోవాలి, వాటి పరిమాణం వందల మెగాబైట్లు. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లలో నాలుగు సర్వర్లతో పాటు రెండు వర్కర్లను మించి నడపలేకపోయాము. వెబ్‌కిట్‌లో నెగ్గినది ఐఫోన్ సఫారీలోనూ నెగ్గుతుందని పూర్తిగా భరోసా పెట్టుకోకూడదు. ఫోన్ కీబోర్డు తెరుచుకున్నప్పుడు అడుగు బటన్ కప్పబడిపోవడం మాకు అసలు ఫోన్‌లోనే కనబడింది.

కాటా యంత్రం నుంచి సీరియల్ తీగ ద్వారా వచ్చే బరువును మాత్రం మేము ఇంకా పరీక్షల్లోకి తేలేకపోయాము. దాని స్థానంలో కల్పిత సంఖ్యను పంపిస్తున్నాము. అందుకే ఏటా సీజన్‌లో మొదటి లోడు రాకముందే మాలో ఒకరు చిత్తూరుకు వెళ్లి, గేటు దగ్గర ఖాళీ ట్రాక్టరును కాటా ఎక్కించి, తెర మీది బరువునూ చీటీ మీది బరువునూ పక్కపక్కన పెట్టి చూసి వస్తారు.