కాలితో తొక్కే నల్ల మిషన్: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే పాత నల్ల ఇనుప కుట్టు మిషన్. స్ట్రెయిట్ కుట్టు తప్ప మరొకటి వేయదు. ఇంటిల్లిపాదికీ జాకెట్లు, లంగాలు, దిండు గలేబులు ఏళ్ల తరబడి దీని మీదే కుడుతున్నాను. కుట్టుకు వంక పెట్టలేను. పట్టుకు 11వ నంబరు సూది, మామూలు నూలు బట్టకు 14, జీన్స్ మడతలకు 16 పెట్టుకుంటే చాలు, దేన్నయినా నిలకడగా కుట్టేస్తుంది. కాకపోతే దీన్ని శుభ్రంగా ఉంచుకోవాలి. ఆ పని ఇంట్లో మనమే చేసుకోవచ్చు.

మిషన్ సంరక్షణ అనగానే అందరూ నూనె గురించే అడుగుతారు. నేనైతే ముందు బ్రష్ అంటాను. నూలు బట్ట కుట్టేకొద్దీ సన్నటి నూగు రాలి సూది పలక కింద, బట్టను ముందుకు జరిపే పళ్ల సందుల్లో, పై దారాన్ని కింది దారంతో కలిపే షటిల్ చుట్టూ పేరుకుంటుంది. అది తీయకుండా నూనె వేస్తే రెండూ కలిసి ముద్దకట్టి గట్టిపడతాయి. అప్పుడు పళ్లు పూర్తిగా పైకి లేవవు, బట్ట జరగదు. జరగడం లేదని బట్టను చేత్తో లాగితే సూది వంగుతుంది. సగం రిపేర్లకు మూలం ఇదేనని నా నమ్మకం.

ముందు చక్రం తిప్పి సూదిని బాగా పైకి తెచ్చుకోవాలి. బాబిన్ కేస్ (కింది దారం చుట్టిన బాబిన్ ఉండే చిన్న డబ్బా) తీసి, షటిల్‌ను పట్టి ఉంచే రెండు చిన్న మీటలను పక్కకు తిప్పితే రింగు, నెలవంక ఆకారంలో ఉండే షటిల్ చేతిలోకి వచ్చేస్తాయి. సూది పలక స్క్రూలు విప్పి, పెయింట్ బ్రష్‌తో నూగంతా బయటికి లాగాలి. షటిల్ కొనను వేలితో తడిమి చూడండి. అక్కడ గరుకు తగిలితే దారం ఊరికే తెగుతూ ఉంటుంది. నోటితో మాత్రం ఊదకండి, తేమ లోపలికి పోతుంది. మాది కాకినాడ. ఇక్కడి ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఆ మాత్రం తేమ చాలు.

బట్ట కింది వైపు దారం ఉచ్చులు పడుతుంటే చాలామంది బాబిన్ కేస్ స్క్రూ తిప్పుతారు. తప్పు చాలాసార్లు పైనే ఉంటుంది. పై దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య దారం ముక్కో నూగో ఇరుక్కుంటే పై దారం బిగువు తగ్గిపోతుంది. బట్టను నొక్కి పట్టే ఫుట్ పైకి ఎత్తితే ఆ బిళ్లలు వదులవుతాయి. అప్పుడు పల్చటి గుడ్డ మడత వాటి మధ్య నుంచి లాగి, దారం మళ్లీ ఎక్కించి కుట్టి చూడండి. స్క్రూ జోలికి వెళ్లడం ఆ తర్వాతే.

ఇక నూనె. మిషన్ ఆయిల్ తప్ప మరొకటి వద్దు. కొబ్బరినూనె వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అది 24 డిగ్రీల లోపు చలికి పేరుకుంటుంది, పాతబడితే జిగురవుతుంది. అలా బిగుసుకుపోయిన మిషన్‌కు కిరసనాయిలు పోసి జిగురు కరిగించవచ్చు. కానీ కిరసనాయిలు ఆరిపోయి ఇనుము పొడిబారుతుంది కాబట్టి, తుడిచాక మిషన్ ఆయిల్ తప్పకుండా వేయాలి. పైనున్న చిల్లుల్లో ఒక్కో చుక్క, మిషన్‌ను వెనక్కి వాల్చి కింద కదిలే కీళ్లకు ఒక్కో చుక్క, షటిల్ అంచుకు ఒకటి. దారం తీసేసి, ఫుట్ ఎత్తి కాసేపు తొక్కితే నూనె అన్నిచోట్లకూ అందుతుంది. తర్వాత పాత గుడ్డ మీద కుట్టి మరకలు పోయాకే మంచి బట్ట పెట్టండి. బెల్టుకు నూనె తగిలితే జారిపోతుంది, జాగ్రత్త. జిగ్‌జాగ్ వేసే తెల్ల మిషన్లకు మాత్రం ఈ పద్ధతి గుడ్డిగా వాడకండి. వాటితో వచ్చిన పుస్తకంలో నూనె ఎక్కడ వేయమంటే అక్కడే వేయాలి.

లోపాలూ ఉన్నాయి. బరువెక్కువ, అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఇద్దరు మోయాలి. పీకో, జిగ్‌జాగ్ కావాలంటే బయట ఇవ్వాల్సిందే. తోలు బెల్టు సాగిపోతుంది. కొద్దిగా కత్తిరించి కొక్కెం మళ్లీ బిగించుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పైన మెరుగు చూసి మోసపోకండి. బెల్టు తీయించి చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా, ఎక్కడా పట్టేయకుండా తిరిగితే రంగు పోయినా సరే, తీసుకోవచ్చు.