పాత కంప్యూటర్‌కు మింటా, లుబుంటూనా?

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయిన దగ్గర నుంచి నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే: పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఏ రకం వేసుకోవాలి? తేలికగా ఇన్‌స్టాల్ అయ్యేవాటిలో నా లెక్కన పోటీ రెండింటి మధ్యే: మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (మింట్‌లో తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న రకం), లుబుంటూ.

ఇన్‌స్టాల్ దగ్గర వీటి మధ్య తేడా వెతకడం దండగ. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి భాష, కీబోర్డు, డిస్కు, పాస్‌వర్డు చెప్పేస్తే చాలు. అందుకే అందరూ మెమరీ (ర్యామ్) లెక్కల్లోకి దిగుతారు. ఏమీ తెరవనప్పుడు లుబుంటూ కొంత తక్కువ తీసుకుంటుంది, నిజమే. కానీ ఖాళీ డెస్క్‌టాప్‌ను చూడడానికి ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోరు కదా! బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ పొదుపు కాస్తా ఆవిరి.

నా దృష్టిలో తేల్చేది ఆ బ్రౌజరే. లుబుంటూలో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా వస్తుంది. స్నాప్ అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన వాటితో కలిపి, కుదించి కట్టిన మూట. పాత హార్డ్‌డిస్కు మీద, బూట్ అయ్యాక మొదటిసారి ఐకాన్ నొక్కితే ఆ మూట విప్పుకునేసరికి, అసలు నొక్కామా లేదా అని అనుమానం వచ్చి మళ్లీ నొక్కుతాం. మింట్ అదే ఫైర్‌ఫాక్స్‌ను మామూలు డెబ్ ప్యాకేజీగా, అంటే ఇలా మూటకట్టకుండా నేరుగా సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయ్యే రూపంలో ఇస్తుంది. లుబుంటూలోనూ మార్చుకోవచ్చు. కానీ కొత్తవారితో మొదటి రోజే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిపించాక ఇంకెక్కడి సులువు?

పైగా లుబుంటూ 24.04కు మద్దతు 2027 ఏప్రిల్ వరకే. లుబుంటూకు మూలమైన ఉబుంటూ అనే లినక్స్ పునాది మీదే కట్టిన మింట్ 22కు 2029 దాకా ఉంది.

మెమరీ 2 జీబీయే ఉండి, పెంచే వీలు లేకపోతే మాత్రం లుబుంటూకే నా ఓటు. మింట్‌కు 2 జీబీ కనీస అర్హత, 4 జీబీ ఉంటేనే హాయి. 32 బిట్ ప్రాసెసర్ అయితే ఈ రెండూ కుదరవు, యాంటిఎక్స్ 23 అనే మరో తేలికపాటి లినక్స్ చూడండి.

నేను ఈమధ్య 4 జీబీ ల్యాప్‌టాప్‌లో మింటే వేశాను. అంతా అయ్యాక చూస్తే వైఫై జాబితా ఖాళీ! హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లను వేసే మింట్ డ్రైవర్ మేనేజర్ తెరిస్తే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌నే మళ్లీ పెట్టమంది. వైఫై డ్రైవర్ అందులోనే ఉంది. కాబట్టి పని అవగానే పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసేయకండి.