బరువా, బలమా? తక్కువ బడ్జెట్‌లో వెంట తీసుకెళ్లే గేమింగ్ ల్యాప్‌టాప్: ఏది మేలు?

“అన్నా, రోజూ బ్యాగులో వేసుకుని తిరగాలి, రాత్రి గేమ్స్ కూడా ఆడుకోవాలి, బడ్జెట్ తక్కువ. ఏది తీసుకోమంటావ్?” నా చుట్టుపక్కల తమ్ముళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. ఈ మధ్య నాకే కొత్త ల్యాప్‌టాప్ అవసరమై, అందరికీ చెప్పేదాన్ని నా డబ్బుతో పాటించాల్సి వచ్చింది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

తేలిక, వేగం రెండూ ఉన్న 14 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. కిలోన్నర దాటి కొంచెం బరువు, అన్నీ బాగుంటాయి. కానీ అవి తక్కువ బడ్జెట్‌లో రావు కాబట్టి వాటిని పక్కన పెడదాం. మిగిలే అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి, ఆర్‌టీఎక్స్ 4050 లాంటి విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న, రెండుంపావు కిలోల 15 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. రెండోది, విడి కార్డు లేకుండా ప్రాసెసర్‌లోనే మంచి గ్రాఫిక్స్ ఉన్న సన్నటి ల్యాప్‌టాప్, అంటే రేడియాన్ 780ఎం తరహాది.

రెండింటినీ తూచేముందు ఒక్క సంఖ్య సంగతి తేల్చుకోవాలి: గ్రాఫిక్స్ చిప్‌కు ఎన్ని వాట్ల కరెంటు ఇస్తున్నారు? నా లెక్కలో కార్డు పేరు కన్నా ఇదే ముఖ్యం. డెస్క్‌టాప్‌లో పేరు చూసి కొనేయొచ్చు, ల్యాప్‌టాప్‌లో అలా కుదరదు. ఆర్‌టీఎక్స్ 4050 అయినా 4060 అయినా తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించుకోవచ్చు. పైన అతికించే స్టిక్కర్ మాత్రం ఒకటే. 35 వాట్లకు నొక్కిపెట్టిన 4060 కన్నా, 90 వాట్లు అందుకునే 4050 చాలా గేముల్లో ముందుంటుంది. ఈ తేడా తెలియక “నాది పెద్ద కార్డు” అనుకుని ఎక్కువ డబ్బు పోసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఈ సంఖ్య దొరకడం కష్టమేం కాదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో, తరచుగా అడుగున చిన్న అక్షరాల్లో, టీజీపీ అనో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనో ఉంటుంది. అక్కడ కొందరు 80 ప్లస్ 15 అని విడదీసి రాస్తారు. ఆ 15 వాట్లు ప్రాసెసర్ వాడుకోకుండా మిగిల్చితేనే కార్డుకు వస్తాయి. ప్రాసెసర్ మీద కూడా భారం వేసే గేముల్లో వాటి మీద ఆశ పెట్టుకోకండి. స్నేహితుడి ల్యాప్‌టాప్ చేతికి దొరికితే ఇంకా సులువు. గేమ్ నడుస్తుండగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (nvidia-smi) అనే కమాండ్ కొట్టండి. ఇప్పుడు ఎన్ని వాట్లు తాగుతోంది, దాని పరిమితి ఎంత అన్నది పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకసారి కాదు, అరగంట ఆడాక మళ్లీ కొట్టి చూడండి. మొదట్లో 90 చూపించి, వేడెక్కాక 60కి జారిపోయిందంటే ఆ ల్యాప్‌టాప్ అసలు బలం 60 వాట్లేనని అర్థం.

అలాగని వాట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. ఈ తరం 4050, 4060 చిప్‌లకు ఓ వంద వాట్లు దాటాక ఎంత పోసినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య) పెద్దగా పెరగదు. 35 నుంచి 75 దాకా ఎక్కే ప్రతి మెట్టూ ఆటలో తెలుస్తుంది, ఆ పైన లాభం పలచబడుతూ వస్తుంది. వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఇది చాలా మంచి కబురు. 75 నుంచి 95 వాట్ల మధ్య ఉన్న 4050 చాలు. బూస్ట్‌తో కలిపి 140 వాట్ల కోసం దిట్టంగా కట్టిన లావుపాటి మోడల్‌ను భుజాన వేసుకోనక్కర్లేదు. పైగా గేమ్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్‌ను 60 దగ్గర ఆపేస్తే కార్డు తాగే కరెంటు బాగా తగ్గుతుంది, ఫ్యాన్ల రొద కూడా తగ్గుతుంది. హాస్టల్ గదిలోనో, అందరూ పడుకున్న ఇంట్లోనో ఆడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక బరువు. చాలామంది ల్యాప్‌టాప్ బరువు ఒక్కటే చూస్తారు. బ్యాగులో అడాప్టర్ కూడా ఉంటుంది కదా! గేమింగ్ ల్యాప్‌టాప్‌తో వచ్చే 180, 200 వాట్ల అడాప్టర్లు ఇటుకల్లా ఉంటాయి, తీగలతో కలిపి అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగుతాయి. రెండుంపావు కిలోలనుకున్నది అలా మూడు కిలోలకు చేరుతుంది. అందుకే గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే నేను వదులుకోని షరతు ఒకటుంది: యూఎస్‌బీ-సీ ద్వారా కూడా చార్జ్ కావాలి. పెద్ద అడాప్టర్ ఆడుకునే బల్ల దగ్గరే శాశ్వతంగా ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు 65 లేదా 100 వాట్ల చిన్న చార్జర్ సరిపోతుంది, ఫోనుకూ అదే పనికొస్తుంది. దాంతో పూర్తి వేగంతో గేమ్ ఆడలేరు, నోట్సు రాసుకోవడానికీ కోడింగుకీ చాలు. అయితే యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నంత మాత్రాన చార్జింగ్ ఉన్నట్టు కాదు. తక్కువ బడ్జెట్ మోడళ్లలో అది డేటాకో డిస్‌ప్లేకో మాత్రమే ఉండొచ్చు. స్పెసిఫికేషన్లలో పవర్ డెలివరీ అన్న మాట కోసం వెతకండి.

సన్నటి ల్యాప్‌టాప్ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. 780ఎం గ్రాఫిక్స్‌ను తక్కువ అంచనా వేయొద్దు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 హాయిగా ఆడొచ్చు, జీటీఏ 5 కూడా సాఫీగా నడుస్తుంది. సైబర్‌పంక్ లాంటి భారీ గేమ్ అయితే తక్కువ సెట్టింగ్స్‌లో, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపే పద్ధతి) సాయంతో 30 ఎఫ్‌పీఎస్ పైన లాక్కొస్తుంది. సరైన వాట్లు అందుకునే 4050 దీనికి రెట్టింపు కన్నా ఎక్కువే ఇస్తుంది. కానీ మీరు ఆడేది ఆ మొదటి రెండు గేములే అయితే ఆ అదనం మీకు కనిపించదు. పైగా ల్యాప్‌టాప్, చార్జర్ కలిపినా రెండు కిలోల లోపే.

బ్యాటరీ మీద ఆడేటప్పుడైతే సన్నటిదానిదే పైచేయి. విడి కార్డుకు కావలసినంత కరెంటు బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వలేదు. ప్లగ్ తీయగానే కార్డు వాట్లు తెగ్గోస్తారు, ఎఫ్‌పీఎస్ పడిపోతుంది, అయినా గంటలోపే చార్జ్ అయిపోతుంది. 780ఎం ఉన్న ల్యాప్‌టాప్ స్క్రీన్‌తో సహా 40 వాట్ల దగ్గర నడిచిందనుకుంటే, 60 వాట్-అవర్ల బ్యాటరీతో గంటన్నర ఆడొచ్చు. వేగం కూడా అంతగా పడిపోదు. రైల్లో ఆడాలి, ప్లగ్ దొరకని చోట ఆడాలి అనుకుంటే ఇక ఆలోచించకుండా ఇదే తీసుకోండి.

దీనికి ర్యామ్ ప్రాణం. సొంత వీడియో మెమరీ లేదు కాబట్టి ఈ గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే వేగం బాగా దెబ్బతింటుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అయితే, ఒకే స్టిక్ ఉన్నప్పుడు పేరు కూడా మారిపోయి మామూలు యూహెచ్‌డీగా కనిపిస్తుంది. కాబట్టి 16 జీబీ, డ్యుయల్ చానల్‌లో, అంటే ర్యామ్ రెండు దారుల్లో పనిచేసేలా ఉండాలి. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే తర్వాత పెంచుకోలేరు, కొనేటప్పుడే చూసుకోవాలి. ప్రాసెసర్ పేరు కూడా జాగ్రత్త. రైజెన్ 7 7840, 8840 రకాల్లో 780ఎం ఉంటుంది. పేరులో అదే రైజెన్ 7 ఉన్నా 7730యూలో పాత వేగా గ్రాఫిక్సే.

ఈ రెండింటికీ మధ్యలో ఒక రకం ఊరిస్తుంటుంది: సన్నటి ఒళ్లు, అందులో ఆర్‌టీఎక్స్ 2050 లేదా 4 జీబీ 3050. దీన్ని మాత్రం వద్దంటాను. 4 జీబీ వీడియో మెమరీ కొత్త గేముల్లో ఇట్టే నిండిపోతుంది, ఆ సన్నటి ఒంట్లో వాట్లూ తక్కువే, బ్యాటరీ మీద విడి కార్డు బాధలన్నీ మామూలే. విడి కార్డు కావాలంటే కనీసం 6 జీబీ ఉన్నది చూడండి. 8 జీబీతో వచ్చే ఆర్‌టీఎక్స్ 5050 మీ బడ్జెట్‌లో దొరికితే ఇంకా నయం.

స్టీమ్ డెక్ లాంటి చేతి గేమింగ్ పరికరాలు చాలావరకు ముప్పావు కిలో అటూఇటూ ఉంటాయి, ఆటకు ముచ్చటగా ఉంటాయి. కానీ చదువుకూ పనికీ మళ్లీ వేరే ల్యాప్‌టాప్ కావాలి, పైగా స్టీమ్ డెక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన స్టీమ్‌ఓఎస్‌లో వాలరెంట్ నడవదు. క్లౌడ్ గేమింగ్ (గేమ్ ఎక్కడో సర్వర్‌లో నడిచి నెట్ ద్వారా మీ స్క్రీన్‌కు వచ్చేది) మీ నెట్ మీద ఆధారపడిన వ్యవహారం. సెకండ్ హ్యాండ్ అయితే బ్యాటరీ ఎంత అరిగిందో చూసుకోండి.

నేనేం తీసుకున్నానంటే, యూఎస్‌బీ-సీ చార్జింగ్ ఉన్న 4050 ల్యాప్‌టాప్. ఆడేది ఎక్కువగా ఒకే బల్ల దగ్గర, భారీ గేములంటే ఇష్టం, బయట గేమ్ ముట్టుకోను. మీరు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయి, ల్యాప్‌టాప్ రోజంతా భుజాన ఉండేదైతే నా దారిలో రావద్దు, 780ఎం తీసుకోండి.

స్క్రీన్ విషయంలో 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారడం) అన్న అంకె ఒక్కటీ చూసి మురిసిపోకండి. రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి, వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది దొరికితే అదే తీసుకోండి. మక్స్ స్విచ్ (విడి కార్డును నేరుగా స్క్రీన్‌కు కలిపే ఏర్పాటు) ఉంటే మంచిదే, లేదని మంచి మోడల్‌ను వదులుకోవద్దు.

ఏ మోడల్ తీసుకున్నా, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే మీరు ఆడేవాటిలో బరువైన గేమ్‌ను ప్లగ్ పెట్టి అరగంట నడిపి వాట్లు, వేడి చూసుకోండి. స్పెసిఫికేషన్లలో వాట్ల సంఖ్య ఎక్కడా లేకపోతే అమ్మేవాళ్లను అడగండి. వాళ్లూ చెప్పలేకపోతే, ఆ సంఖ్య ధైర్యంగా రాసిన ఇంకో మోడల్ వైపు వెళ్లండి.