గాయపడిన పెరటి కోడికి ఏ నొప్పి మందు మేలు?

కుక్క నోట చిక్కి బయటపడిన పెట్టకు రక్తం ఆపి, గాయాన్ని ఉప్పునీటితో కడిగి, గంప కింద ఉంచిన తర్వాత మిగిలే ప్రశ్న నొప్పి సంగతి. కోడి మూలగదు కాబట్టి దానికి పెద్దగా బాధ ఉండదని చాలామంది అనుకుంటారు. కానీ ఇతర జంతువులకు ఆహారమయ్యే పక్షులు బాధను దాచుకుంటాయి. మెడ ముడుచుకుని, ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసుకుని, గింజలు ముందు చల్లినా పొడవకుండా నిలబడిందంటే అది నొప్పితోనే ఉందని భావించాలి. కుంటి బ్రాయిలర్ కోళ్ల ముందు మామూలు మేతను, కార్ప్రోఫెన్ అనే నొప్పి మందు కలిపిన మేతను పక్కపక్కనే ఉంచితే, కుంటుతనం తీవ్రమైన కొద్దీ అవి మందు మేతనే ఎక్కువగా ఎంచుకున్నాయని 2000లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

ఇంట్లోనో మందుల షాపులోనో సులువుగా దొరికేవి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, పారాసిటమాల్, మెలోక్సికామ్. వీటిలో డైక్లోఫెనాక్‌ను మొదటే పక్కన పెట్టేయాలి. పక్షి శరీరం వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపుతుంది. రెట్టలో తెల్లగా కనిపించే భాగం అదే. డైక్లోఫెనాక్ వల్ల మూత్రపిండాలు దెబ్బతింటే ఆ ఆమ్లం రక్తంలో పేరుకుపోయి, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లని పొరగా దిగుతుంది. ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులను అంతరింపు అంచుకు తెచ్చింది ఇదే కనుక పశువులకు దాని వాడకాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా ఆ జాబితాలో చేర్చింది. కోడి రాబందు అంత సున్నితమైనది కాకపోయినా, మోతాదు పెరిగితే కోళ్లలోనూ ఇదే జబ్బు వస్తుందని పరిశోధనల్లో తేలింది. మనుషుల ఒళ్లు నొప్పుల మాత్రల్లో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసి ఉండేవి చాలా ఉన్నాయి కాబట్టి, అట్ట మీది చిన్న అక్షరాలు చదవకుండా సగం మాత్ర విరిచి కోడి నోట్లో వేయడం అన్నింటికన్నా ప్రమాదకరమైన పని.

ఆస్పిరిన్‌కు పాత పేరుంది. తాగే నీటిలో కలిపి పెట్టడం కోళ్లు పెంచేవారికి ఎప్పటినుంచో తెలిసిన పద్ధతే. కాలు బెణికి, ఎక్కడా రక్తం కారని కోడికి అది కొంత ఉపశమనం ఇస్తుంది. అయితే అది రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది కనుక, కుక్క కాటుకో ముంగిస కాటుకో గురైన కోడికి, లోపల రక్తస్రావం ఉందేమోనన్న అనుమానం ఉన్న కోడికి ఇవ్వకూడదు. పైగా మాత్ర నీటిలో సరిగా కరగదు, దెబ్బ తిన్న కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, దాంతో మందు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరికీ అంతుపట్టదు. పారాసిటమాల్ వాపును పెద్దగా తగ్గించదు; గాయాల విషయంలో దాన్ని నమ్ముకోవడం వల్ల ఒనగూరేది తక్కువే.

నా మొగ్గు మెలోక్సికామ్ వైపే. పక్షుల వైద్యంలో విస్తృతంగా వాడుతున్న మందు ఇది. రాబందులకు హాని చేయదని తేలిన కొద్ది నొప్పి మందుల్లో ఇదొకటి. కోళ్లకు కిలో బరువుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము వరకు, రోజుకు ఒకటి లేదా రెండుసార్లు ఇవ్వడం పశువైద్యుల్లో వాడుక. అంటే కిలోన్నర పెట్టకు ఒక్కసారికి 0.75 నుంచి 1.5 మిల్లీగ్రాములు చాలు. మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములుండే కుక్కల ద్రవ మందు దొరికితే అది అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు అవుతుంది. సూది లేని సిరంజితో ముక్కు పక్కనుంచి నోట్లోకి చుక్క చుక్కగా వేస్తే కోడికి పొలమారదు. మనుషులకు అమ్మే 15 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి ఈ పెట్ట గరిష్ఠ మోతాదుకు పది రెట్లు కాబట్టి, దాన్ని గోటితో గిల్లి ఇవ్వడం కొలత అనిపించుకోదు. పశువుల ఇంజెక్షన్లలో మెలోక్సికామ్‌తో పాటు పారాసిటమాల్ కలిసినవి కూడా ఉన్నాయి. కొనేటప్పుడు మెలోక్సికామ్ ఒక్కటే ఉన్నదాన్ని అడిగి తీసుకోవాలి.

అయితే రక్తం బాగా పోయి, ఒళ్లు చల్లబడి, నీరసించిన కోడికి మెలోక్సికామ్ కూడా వెంటనే పనికిరాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందు సైతం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ముందు వెచ్చదనం, ఓఆర్ఎస్ నీళ్లు, ఆ తర్వాతే మందు. ఎముక విరిగినా, పొట్ట చీలినా బ్యూటార్ఫనాల్ వంటి బలమైన మందులు కావాలి, అవి పశువైద్యుడి చేతిలో ఉండాల్సినవే. ఊళ్లో పశువుల ఆసుపత్రి లేకపోతే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి అడగవచ్చు. పసుపు గాయం మీద పూయడంలో తప్పు లేదు, కాకపోతే దాన్ని నొప్పి మందుగా లెక్క వేయకూడదు. మనుషుల కోసం అమ్మే, చర్మాన్ని మొద్దుబార్చే పూతల్లో బెంజోకెయిన్, లిడోకెయిన్ ఉంటాయి, పక్షులు వాటిని కొద్ది మోతాదులోనే తట్టుకోగలవు కనుక అవీ వద్దు.

గుడ్లు పెట్టే పెట్ట అయితే మరో జాగ్రత్త ఉంది. మెలోక్సికామ్ అవశేషాలు ఆఖరి మోతాదు తర్వాత కూడా కొన్ని రోజుల పాటు గుడ్డులో, ముఖ్యంగా పచ్చసొనలో, నిలిచి ఉంటాయి. కనీసం రెండు వారాల పాటు ఆ గుడ్లను తినకుండా, అమ్మకుండా పారేయాలి. కోడిని కూరకు కోయాలనుకునేవారు ఎన్నాళ్లు ఆగాలో మందు రాసిన వైద్యుణ్ణే అడిగి తెలుసుకోవాలి.