అత్తమ్మతో గోల్కొండ, చిలుకూరు వైపు రెండు రోజులు

మా అత్తమ్మది జగిత్యాల దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా చార్మినార్, బిర్లా మందిర్, ఒక షాపింగ్ మాల్ చూసి వెళ్లిపోయేది. ఈసారి మాత్రం "చెట్లున్న జాగకు తీస్కపో బిడ్డా" అంది. నాకేమో పాత కట్టడాల పిచ్చి. ఇద్దరికీ సరిపోయేలా శని, ఆదివారాలకు ప్లాన్ వేశాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అందుకని మెట్లెన్ని, కూర్చోవడానికి చోటుందా, బాత్రూమ్ ఎంత దూరం అన్నవి కూడా ప్రతి చోటా లెక్కలోకి వచ్చాయి.

శనివారం పొద్దున ఆరింటికి కేబీఆర్ పార్కు. నగరం నడిబొడ్డున ఒక నేషనల్ పార్కు ఉందంటే అత్తమ్మ నమ్మలేదు. లోపల నెమలి అరిచాక నమ్మింది. నడకబాట బాగుంది, మోకాళ్లను పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇదే అడవిలో నిజాం వారసుడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ కూడా ఉంది. మా బాట అటు పోదు కాబట్టి చూడలేదు. రోజూ వచ్చే వాకర్లలో ఎంతమందికి దాని సంగతి తెలుసో! నాకు వింతగా అనిపించేది ఇంకొకటి ఉంది. కేంద్రం రక్షిస్తున్న పాత కట్టడం దేనికైనా చుట్టూ 100 మీటర్లలో కొత్తగా కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి. ఈ పార్కు చుట్టూ ప్రకృతిని కాపాడటానికి గీసిన ఎకో సెన్సిటివ్ జోన్ మాత్రం కొన్ని చోట్ల 3 మీటర్లే, ఎక్కువంటే 30 మీటర్ల లోపు. రాయికి ఇచ్చిన జాగాలో మూడో వంతు కూడా నెమలికి ఇవ్వలేదన్నమాట.

టిఫిన్ చేసి కుతుబ్ షాహీ సమాధులకు వెళ్లాం. రెండు రోజుల్లో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. పదిహేనేళ్ల క్రితం కాలేజీ నుంచి వచ్చినప్పుడు నల్లబడిన గోడలు, ముళ్లకంపలు, మూలమూలనా జంటలు ఉండేవి. 2013 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఇక్కడ పని చేసింది. గోడల మీది సిమెంటు పూతలు తీసేసి, పాత పద్ధతిలో సున్నం గచ్చు వేశారు. అత్తమ్మ గోడను చేత్తో తడిమి, "ఇది డంగు సున్నం. మా నాయిన ఇల్లు గిట్లనే కట్టిండు" అంది.

ఆమెను ఎక్కువసేపు ఆపింది సమాధులు కాదు, దిగుడు బావులు. బడీ బావోలి 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది. దాన్ని మళ్లీ కట్టి, పూడిక తీసి, వాన నీళ్లు నిలిచేలా చేశారు. ఇక్కడి బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. బావిని చూసే బొమ్మలా కాక బావిలాగే బాగుచేశారు. నీళ్లు నిలిస్తే చుట్టూ ఉన్న తోటకూ ఆసరా. చెట్టు, నీరు, రాయి మూడింటినీ ఒకే చేయి చూసుకుంటే ఎలా ఉంటుందో ఇక్కడ కనబడుతుంది. బావి అంచున కూర్చుని అత్తమ్మ పావుగంట లేవలేదు.

అక్కడే చిన్న పేచీ. ఒక గోడ సందులోంచి జానెడు రావి మొక్కను పనివాడు వేరుతో సహా పీకుతున్నాడు. అత్తమ్మ ఊరుకోలేదు. "రావి మొక్కను పీకుతవా? పాపం తగులదా?" అంది. అతను నవ్వి, వదిలేస్తే వేరు రాళ్ల మధ్యకు దిగి లావవుతుందని, నాలుగేళ్లలో గోడ పగులుతుందని చెప్పాడు. ఆమె తల ఊపింది కానీ మొహం విప్పలేదు. అతను చెప్పింది నిజమే, ఆమె బాధా నిజమే. నేనేం మాట్లాడలేదు.

సాయంత్రం గోల్కొండ. బాలా హిస్సార్ మెట్లు చూసి "ఏంది బిడ్డా, గిన్ని మెట్లా?" అని అత్తమ్మ కిందే ఆగిపోయింది. గేటు దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద ఉన్న బారాదరి అనే మంటపంలో వినిపిస్తుందని చెప్పాను. "నువ్వు పైకి పో, నేను ఇక్కడ కొడత" అంది. నిజంగానే వినిపించింది, కాకపోతే ఆ చప్పట్లు ఆమెవో, పక్కనున్న కాలేజీ పిల్లలవో చెప్పలేను. పైన జగదాంబ మహాంకాళి గుడి ఉంది. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే. ఆ రోజుల్లో ఈ కోట బోర్డు మీద రాసిన 'రక్షిత కట్టడం'లా కాక జనం కోటలా ఉంటుంది. పసుపు, వేపమండలు, డప్పులు. గోడలకు అంత జనం మంచిది కాదనే వాదన తీసిపారేయలేం. కానీ గుడి లేకపోతే ఆ కొండకు ఆడవాళ్లు బోనమెత్తుకుని ఎందుకు ఎక్కుతారు? గోడల మీద పేర్లు చెక్కేది మాత్రం బోనాలకు వచ్చేవాళ్లు కాదు, మనలాంటి టూరిస్టులే. ఈ కోటలోదే అయిన నయా ఖిల్లాలో ఉన్న 'హాథియోఁ కా ఝాడ్' (ఏనుగుల చెట్టు) అనే బావోబాబ్ చెట్టుకూ అదే గతి. 27 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఆ ఆఫ్రికా చెట్టు బెరడు మీద గుండె బొమ్మలు గీసినవాళ్లను ఏమనాలి?

రాత్రి బస గండిపేట వైపు ఒక రిసార్టులో. పేరు రాయను. 'ప్రకృతి ఒడిలో' అని ప్రకటన. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పప్పుచారు బాగుంది. కానీ పన్నెండు దాకా పెళ్లి డీజే. రిసెప్షన్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "పది నిమిషాలు మేడమ్" అన్నారు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి, తాగునీటికి కట్టిన చెరువు ఈ గండిపేట, 1920లో పూర్తయింది. దీన్ని, హిమాయత్ సాగర్‌ను కాపాడాలని 1996లో 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గాలు వేస్తూ 111 జీవో తెచ్చారు. ఆ నీళ్ల పక్కన పడుకుని కప్పల అరుపు వినాలనుకున్నా. తీన్మార్ విన్నా. మీరు వెళ్తే ఆ రోజు ఫంక్షన్ ఉందేమో ముందే అడగండి.

ఆదివారం మృగవని. 3.6 చదరపు కిలోమీటర్లు, 1994లో నేషనల్ పార్కు అయింది. చుక్కల జింకలు నాలుగు, నెమళ్లు లెక్కలేనన్ని కనబడ్డాయి. పులుల కోసం వెళ్లేవాళ్లకు నిరాశే. తాగునీళ్లు, తినేవి వెంట తీసుకెళ్లండి, చెత్త వెనక్కి తెచ్చుకోండి.

దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. నా లెక్కన రెండు రోజుల్లో ఇదే మంచి సర్వీసు. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. గోల్కొండలో నాలుగు మెట్లెక్కని మా అత్తమ్మ 11 చుట్లూ ఆగకుండా తిరిగింది. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్లు చూపిద్దామని కారు అటు తిప్పించాను. రోడ్డు వెడల్పు కోసం కొట్టేయకుండా కాపాడాలని జనం కొట్లాడిన చెట్లవి. ఒకదాని నీడలో కారు ఆపి, ఏం మొక్కుకున్నావని అడిగాను. మొదట చెప్పనంది. తర్వాత ఊడలను చూస్తూ మెల్లగా అంది:

"ఆ బావికాడి పిలగాడు రావి మొక్క పీకె గద. ఆయనకు పాపం తగలొద్దని మొక్కిన."