జీను ఎక్కకముందే తెలిసిపోతుంది

పల్లెబాటల్లో గుర్రపు స్వారీ చేయిస్తామనే విడుదుల్లో గదులు ఎలా ఉంటాయో ఫోటోల్లో చూసుకోవచ్చు. గుర్రాలను, మనుషులను ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో మాత్రం వెళ్లాకే తెలుస్తుంది. ఈమధ్య ఒకే ప్రయాణంలో రెండు చోట్ల బస చేశాం.

మొదటిది చూడముచ్చటగా ఉంది. ఏటి ఒడ్డు, విశాలమైన గదులు, మర్యాదలకు లోటు లేదు. స్వారీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఇంతకుముందు గుర్రం ఎక్కారా అని కూడా ఎవరూ అడగలేదు. బుట్టలో పడేసిన హెల్మెట్లలో ఒకదానికి పగులు, ఇంకోదానికి గడ్డం కింది పట్టీయే లేదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు. "మా గుర్రాలు సాధువులండీ, హెల్మెట్ అక్కర్లేదు" అన్నారు. ఎంత సాధువైనా గుర్రానికి బెదిరితే పారిపోవడమే పుట్టుబుద్ధి. గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచి చాలు. జీను మీద కూర్చున్నవాళ్ల తల నేలకు రెండు మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడ మేం ఎక్కలేదు. ఏటి గట్టున నడిచి వచ్చాం, ఆ నడక మాత్రం బాగుంది.

రెండో చోట గదులు మామూలువి, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి. కానీ స్వారీ చేయించే ఆవిడ ముందు మా అనుభవం, బరువు అడిగి, ఆ తర్వాతే ఎవరికి ఏ గుర్రమో చెప్పారు. మడమ లేని బూట్లు వేసుకున్నవాళ్లకు వేరేవి ఇచ్చారు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, కాలు పెట్టుకునే కడియం) ముందుకు జారి ఇరుక్కుంటుంది, అప్పుడు పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. నేరుగా వెనక ఉన్నది గుర్రానికి కనిపించదు కాబట్టి మాట్లాడుతూ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లమన్నారు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. బయలుదేరిన కాసేపటికే అందరినీ ఆపి, దిగి, ఒక్కో గుర్రం పొట్ట కింది జీను పట్టీలో వేళ్లు దూర్చి చూశారు. నా గుర్రానిది రెండు రంధ్రాలు బిగించారు. జీను వేసేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయట, నడక మొదలయ్యాక పట్టీ వదులవుతుంది. అలా వదిలేస్తే మలుపులో జీను పక్కకు తిరిగిపోయేది.

దారిలో గుర్రానికీ గుర్రానికీ మధ్య ఒక గుర్రం పట్టేంత ఎడం ఉంచమన్నారు. తోకకు ఎర్ర రిబ్బను కట్టిన ఆడగుర్రం తన్నే రకం, దాన్ని అందరికన్నా వెనక నడిపించారు. రోడ్డు దాటేచోట అందరినీ ఒక్కచోట చేర్చి ఒకేసారి దాటించారు. మెరిసే చొక్కాలు ముందే ఇచ్చారు. ఫోన్లు జీను సంచిలో కాకుండా జేబులో పెట్టుకోమన్నారు. గుర్రం వదిలేసి పోతే సాయం పిలవడానికి అదే దిక్కు. ఇంటిముఖం పట్టిన గుర్రాలకు తొందర ఎక్కువ కాబట్టి చివరి దూరమంతా నడకే, పరుగు లేదు. కొత్తవాళ్ల వేగమే అందరి వేగం. స్వారీ తెలిసిన కుర్రాళ్లు కాస్త విసుక్కున్నా ఆవిడ ఒప్పుకోలేదు, అదే సరైన పని.

వేడినీళ్ల సంగతి ఎలా ఉన్నా, మళ్లీ వెళితే రెండో చోటికే వెళతాం. గది ఖాయం చేసుకునే ముందు ఫోన్ చేసి, హెల్మెట్లు అన్ని కొలతల్లో ఉన్నాయా, ఒకరి వెంట ఎంతమందిని తీసుకెళతారు, ఎవరైనా పడితే ఏం చేస్తారు అని అడగండి. సూటిగా జవాబివ్వని చోట గది ఎంత బాగున్నా స్వారీకి మాత్రం వద్దు.