వేలిముద్రలు చూసి పిల్లల లెర్నింగ్ స్టైల్ చెప్తామన్న డీఎంఐటీ టెస్ట్, 5కి 2 స్టార్లు

మాది గుంటూరు. అమ్మాయి తొమ్మిదో క్లాసు, బాబు ఆరు. పోయిన వేసవి సెలవుల్లో ఇద్దరికీ బ్రాడీపేటలో ఒక సెంటర్‌లో డీఎంఐటీ (డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్) చేయించాం. సెంటర్ పేరు రాయట్లేదు, గొడవలు నాకెందుకు, పైగా ఇది ఒక్క సెంటర్ సంగతి కాదు. ఒక్కొక్కరికి 5,500 అన్నారు, మేం బేరమాడితే ఇద్దరికీ కలిపి 9,000కి ఒప్పుకున్నారు. అసలు మమ్మల్ని అటు పంపింది మా ఆడపడుచు, "వదినా మావాడి వేళ్ళు చూసి వాడి తిక్కంతా ఉన్నదున్నట్టు చెప్పేశారు" అంటే సరే కదా అని వెళ్ళాం. అమ్మాయికి ఇంకో ఏడాదిలో ఎంపీసీయా బైపీసీయా తేల్చాలి, మా ఆయనది ఒక మాట నాది ఒక మాట, మధ్యలో మిషన్ చెప్తే గొడవ ఉండదని ఆశ.

టెస్ట్ జరిగే పద్ధతికి వంక పెట్టను. ఏసీ రూము, ఇచ్చిన టైముకే పిలిచారు, స్కానర్ మీద పది వేళ్ళూ ఒక్కోదాన్ని మూడు పక్కల నుంచి తీశారు, తర్వాత అరచేతులు. మొత్తం పావుగంట. మా అత్తగారు కూడా వచ్చారు, మనవరాలి వేళ్ళు పట్టుకుని "ఏడు చక్రాలు, మూడు శంఖాలు" అని స్కానర్ కంటే ముందే లెక్క తేల్చేశారు. తీరా రిపోర్ట్‌లో ఉన్నదీ అదే, కాకపోతే చక్రాన్ని వోర్ల్ అన్నారు, శంఖాన్ని లూప్ అన్నారు. "సోది చెప్పే ఆవిడ చేటెడు బియ్యానికి చెప్తుంది కదే" అన్నారు బయటికి వచ్చాక, అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు రావట్లేదు.

పది రోజులకి రిపోర్ట్ ఇచ్చారు, 46 పేజీలు, కలర్ ప్రింటు, స్పైరల్ బైండింగ్. అమ్మాయి విజువల్ 41.2 శాతం, ఆడిటరీ 24.6, కైనెస్థెటిక్ 34.2 అంట. అంటే చూసి నేర్చుకునే రకం, వింటే అంతగా ఎక్కదు. బాబు కైనెస్థెటిక్, అంటే చేతులతో చేస్తేనే వస్తుంది. ఎడమ మెదడు ఇంత శాతం కుడి మెదడు అంత శాతం అని ఇంకో పేజీ, స్వభావాన్ని బట్టి అమ్మాయి పావురం, బాబు డేగ అని ఇంకో పేజీ, చివర్లో ఇంజనీరింగ్‌కి మూడు స్టార్లు, మెడిసిన్‌కి మూడున్నర, లాయర్‌కి నాలుగు. ఎంపీసీ బైపీసీ గొడవ తేలకపోగా కొత్తగా లా వచ్చి చేరింది. దశాంశ స్థానం దాకా అంకెలు చూసేసరికి మా ఆయన నిజంగానే నమ్మేశారు, నేనూ నమ్మాననుకోండి. తర్వాత మా ఆడపడుచు కొడుకు రిపోర్ట్ పక్కన పెట్టి చూస్తే నాలుగు పేరాలు అక్షరం పొల్లుపోకుండా మా అమ్మాయివే, వాడు మగపిల్లాడైనా ఒకచోట 'షి' అనే ఉంది, మార్చడం మర్చిపోయారు పాపం.

అక్కడి నుంచి నాకు దురద మొదలై నెల రోజులు ఇదే చదివాను. వేలిముద్రల చదువు అబద్ధం కాదు, దానికి డెర్మటోగ్లిఫిక్స్ అని 1926లో హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికా ఆయన పేరు పెట్టాడు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అరచేతి గీతల్లో తేడాలుంటాయని గమనించిందీ ఆయనే. వేళ్ళ మీద ఆ గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి, ఇక జన్మలో మారవు. ఆలోచించండి, పుట్టకముందే అచ్చు పడిపోయిన గీత మా అమ్మాయి తొమ్మిదో క్లాసులో ఫిజిక్స్ ఎలా చదవాలో ఎలా చెప్తుంది? ఈ టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వాళ్ళు కూడా చెప్పారు. రిపోర్ట్ మొదటి పేజీలో హోవార్డ్ గార్డ్‌నర్ అనే అమెరికా సైకాలజిస్టు పేరు పెద్దక్షరాల్లో వేశారు, ఆయన 1983లో తెలివి ఒకటే రకం కాదు చాలా రకాలు అన్న మాట నిజమే, కానీ "నేను చెప్పిన తెలివితేటలు వేరు ఈ లెర్నింగ్ స్టైల్స్ వేరు, రెండూ కలపొద్దు" అని 2013లో ఆయనే రాసుకున్నాడు. ఆ పేజీ మాత్రం వేయలేదు వీళ్ళు.

పోనీ వేలిముద్రలు వదిలేద్దాం, పిల్లల్లో చూసేవాళ్ళు వినేవాళ్ళు అని రకాలు ఉన్నాయా అంటే అక్కడా తేలలేదు. 2004లో బ్రిటన్‌లో లెక్కేస్తే ఇలాంటి లెర్నింగ్ స్టైల్ పద్ధతులు 71 బయటపడ్డాయంట, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. 2008లో అమెరికాలో నలుగురు సైకాలజిస్టులు ఇంకో ప్రశ్న వేశారు: చూసే రకం పిల్లలకి బొమ్మలతో చెప్తే ఎక్కువ వచ్చి, మాటలతో చెప్తే తక్కువ రావాలి, వినే రకానికి అది తిరగబడాలి, అలా తిరగబడినట్టు ఎవరైనా గట్టిగా చూపించారా అని. సరిగ్గా చేసిన పరీక్షలే చాలా తక్కువ, ఉన్నవాటిలో కూడా దీన్ని నిలబెట్టేంత ఆధారం వాళ్ళకి దొరకలేదు. పిల్లలకి ఇష్టాయిష్టాలు ఉండవని కాదు, ఇష్టమైన పద్ధతిలో చెప్పినంత మాత్రాన మార్కులు పెరుగుతాయని తేలలేదు, అంతే.

డబ్బులు పోతే పోయాయి, నాకు మండింది ఇంకోదానికి. జూన్‌లో స్కూల్ తెరిచాక అమ్మాయి సోషల్ నోట్స్ సగం ఖాళీ. ఏంటే అంటే "నేను విజువల్ కదమ్మా, మేడం చెప్తే వింటే నాకు ఎక్కదు, ఇంటికొచ్చి వీడియో చూస్తా" అంది. నిన్నటి దాకా బుద్ధిగా విన్న పిల్ల! వీడియో పెడితే వీడియో తర్వాత ఇంకో వీడియో, ఆ సంగతి మీకు తెలుసు. బాబు అయితే తెలుగు పద్యం అప్పజెప్పమంటే "నేను కైనెస్థెటిక్" అని గుమ్మం పట్టుకుని ఊగుతున్నాడు. మేమే డబ్బు కట్టి వాళ్ళ చేతికి సాకు ఇచ్చినట్టయింది.

ఆ రెండు స్టార్లు అక్కడి కౌన్సిలర్ అమ్మాయికి. రిపోర్ట్ మూసేసి ముప్పావుగంట పిల్లలతో మాట్లాడింది, ఏ టైములో చదువుతావు, లెక్క తప్పితే ఏం చేస్తావు, క్లాసులో డౌట్ అడుగుతావా అని. బాబు చేత ఒక బొమ్మల ఆట ఆడించింది: పైన ఒక బొమ్మ, కింద అలాంటివే ఆరు, అచ్చం అదే ఏదో వెతకాలి. వాడు రెండు సెకన్లలో వేలు పెట్టేశాడు, తప్పు, మళ్ళీ పెట్టాడు, తప్పు. అక్క నిమిషం చూసి ఒక్కసారే సరిగ్గా చెప్పింది. ఇది 1960ల్లో జెరోమ్ కేగన్ అనే సైకాలజిస్టు వాడిన పరీక్ష లాంటిదని తర్వాత చదివాను, తొందరపడే పిల్లలు, ఆగి ఆలోచించే పిల్లలు అని తేడా పట్టడానికి. వేళ్ళ స్కానర్ కంటే ఈ ఐదు నిమిషాల్లో నాకు నా కొడుకు ఎక్కువ అర్థమయ్యాడు, లెక్కల్లో వాడికి పోయే మార్కులన్నీ ప్లస్ మైనస్ గుర్తు మర్చిపోయి, ప్రశ్న సగమే చదివి పోయేవే. ఇప్పుడు జవాబు రాసేముందు ప్రశ్న బయటికి చదివి, ఏం అడిగారో గీత గియ్యాలి, అంతే రూలు. పూర్తిగా మారాడని చెప్పను, యూనిట్ టెస్ట్‌లో తప్పులు కొంచెం తగ్గాయి. పెద్దది దానికి ఉల్టా, అన్నీ వచ్చు కానీ టైము చాలదు, దానికి గడియారం పెట్టి రాయిస్తున్నాను.

ఇంకోటి కూడా నాకిప్పుడు తట్టింది, స్టైల్ పిల్లని బట్టి కాదు పాఠాన్ని బట్టి మార్చాలేమో. కృష్ణ ఎక్కడ పుట్టి ఏ ఊళ్ళ మీదుగా వస్తుందో మ్యాప్ లేకుండా ఎవరికి ఎక్కుతుంది, వినే రకమైనా సరే? పద్యం ఉందనుకోండి, రాగం తీసి పైకి చదవకుండా బొమ్మ గీస్తే వస్తుందా? ఎక్కాలు మనమంతా కోరస్‌గా అరిచి నేర్చుకున్నవే, అప్పుడు ఎవరూ మన వేళ్ళు చూడలేదు. చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాయించడం అన్ని రకాల పిల్లలకీ పనిచేస్తుందని మాత్రం గట్టి పరిశోధనలే ఉన్నాయి, దానికి కావాల్సింది ఒక రఫ్ నోట్సు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. రిపోర్ట్ ఇచ్చిన రోజే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని, అంటే మెదడు మధ్య భాగాన్ని నిద్రలేపుతామని, 18,000 ప్యాకేజీ చెప్తారు, కళ్ళకి గంతలు కట్టుకుని పుస్తకం చదివే వీడియో చూపిస్తారు, ముక్కు పక్కన సందు లోంచి చూడొచ్చని మా వాడే కనిపెట్టాడు. వద్దంటే కొంచెం మొహం మాడ్చుకుంటారు కానీ బలవంతం చెయ్యరు. పిల్లల వేలిముద్రల ఫైలు డిలీట్ చేయండి అని నేను అడిగాను, చేస్తాం మేడం అన్నారు, చేసినట్టు కాగితం మాత్రం ఇవ్వలేదు. ఆధార్‌కి వాడే వేలిముద్రలు అవే కదా, ఇది ముందే ఆలోచించనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

నిన్న మళ్ళీ ఫోన్ చేశారు, ఫ్యామిలీ ఆఫర్ అంట, పేరెంట్స్ ఇద్దరూ చేయించుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళకి ఒకరికి ఫ్రీ అంట. మా అత్తగారికి చెప్పాను. నలభై ఏళ్ళు మిరపకాయలకి తొడిమలు తీసిన చేతులు ఆవిడవి, రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే నాలుగుసార్లకి ఒకసారి కూడా తీసుకోదు. "నా వేళ్ళల్లో వాళ్ళకి ఏం కనపడుద్దో పోయి చూద్దాం పదవే" అంటున్నారు, ఫ్రీయే కదా అని.